బయానా ఇచ్చే ముందు పటం చూడండి

పొలం కొనేటప్పుడు గాని, గోదాముకు స్థలం వెతికేటప్పుడు గాని మనం దస్తావేజులు, లింకు కాగితాలు, ఇ.సి. శ్రద్ధగా పరిశీలిస్తాం. ఆ స్థలంలోకి వరద నీరు వస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం అమ్మేవారి మాటే ఆధారమవుతోంది. వేసవిలో చూసిన స్థలం ఎక్కడైనా పొడిగానే ఉంటుంది.

ఈ లోటును కొంతవరకు తీర్చే సాధనం ఫోనులోనే లభిస్తున్నది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2009లో ప్రారంభించిన 'భువన్' పటాన్ని ఎవరైనా తెరచి చూడవచ్చును. గోడకు తగిలించే పటంలో ముద్రించినది మాత్రమే కనిపిస్తుంది. ఇందులో సమాచారం పొరలుగా ఉంటుంది. అడుగున ఉపగ్రహ చిత్రం ఉంటుంది. దానిపై భూవినియోగం, వరద ముంపు వంటి పొరలను కావలసినప్పుడు పరచుకోవచ్చు, అక్కరలేనప్పుడు తొలగించవచ్చు.

మీరు చేపల మేత డీలరు అనుకుందాం. కైకలూరు ప్రాంతంలో గోదాముకు ఒక ఎకరం స్థలం బేరానికి వచ్చింది. స్థలంలో నిలబడి ఫోనులో అక్షాంశ రేఖాంశాలు చూసి రాసుకోండి. పటంలో ఆ చోటుకు చేరిన తరువాత వెంటనే దగ్గరకు పోకండి. ముందు దూరం నుంచి చూడండి. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిలోకి వచ్చే దారులు, ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రానికి పోయే దారి కనిపిస్తాయి. మీ ఎకరం ఆ దారులకు ఎంత ఎడంగా ఉన్నదో కొలవండి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచినది ఈ బుడమేరే. ఆ తరువాత ముంపు పొరను పరచి, వేర్వేరు సంవత్సరాల పటాలు దొరికితే ఒక్కొక్కటిగా చూడండి. ఒకసారి మునగడం వేరు, పదే పదే మునగడం వేరు. అస్సాం, బీహారులకు తయారైన వరద ప్రమాద పటాలలో తీవ్రతను నిర్ణయించినది కూడా ఈ లెక్కతోనే.

పటంలో నీలిరంగు లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. రాడార్ ఉపగ్రహం మేఘాల గుండా చూడగలదు గాని, అది మన ఊరిపైకి వచ్చిన రోజునే చిత్రం తీస్తుంది. రాత్రి వచ్చి తెల్లవారేసరికి తీసిన నీరు దానికి దొరకకపోవచ్చు. పైగా 1:50,000 స్కేలు పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేలపై 50 మీటర్లు. మీ ఎకరం చదరంగా ఉంటే ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు, అంటే పటంపై మిల్లీమీటరు కంటె కొంచెం ఎక్కువ. కనుక పటం ఆ ప్రాంతపు స్వభావాన్ని చెబుతుంది. సర్వే నంబరు హద్దును తేల్చదు.

కొల్లేటి విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. 5వ కాంటూరు వరకు గల ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అక్కడి చేపల చెరువులను పెద్ద ఎత్తున కొట్టివేశారు. కాంటూరు లోపల జిరాయితీ భూములు కూడా ఉన్నాయి. కాబట్టి పట్టా చూసి తొందరపడవద్దు. ఎఫ్.ఎం.బి. నకలు తీసుకొని, ఆ సర్వే నంబరు కాంటూరుకు లోపలా, వెలుపలా అన్నది అటవీ, రెవిన్యూ అధికారుల వద్ద రాతపూర్వకంగా తెలుసుకోండి.

చివరకు చుట్టుపక్కల రైతులను అడగండి. నీరు వచ్చిందా అని మాత్రమే అడిగితే చాలదు. ఎంత ఎత్తున వచ్చింది, ఎన్నాళ్లు నిలిచింది అని అడగండి. వరి పైరు ఒకటి రెండు రోజుల నీటిని తట్టుకోవచ్చు, మేత బస్తా ఒక పూట కూడా తట్టుకోదు. తడిసిన సరుకుపై తీసుకున్న క్యాష్ క్రెడిట్ వడ్డీ మాత్రం ఆగదు. గోదాము అరుగు ఎత్తును ఆ రైతులు చూపిన నీటి గుర్తు కంటె పైన ఉండేలా నిర్ణయించండి. సరుకు బీమా పాలసీలో వరద నష్టం చేరి ఉన్నదో లేదో సంతకానికి ముందే చూసుకోండి. రుణ దరఖాస్తుతో పాటు స్థలపు అక్షాంశ రేఖాంశాలు, మీరు చూసిన పటం నకలు జతచేస్తే, తనిఖీకి వచ్చే బ్యాంకు అధికారి కూడా అదే చోటును, అవే పొరలను చూడగలుగుతారు.