ఇటలీలో భాష, న్యాయశాస్త్ర చదువులు: వినగడప నుంచి వెళ్లేవారికి

ఇటలీ విశ్వవిద్యాలయాల్లో ఇటాలియన్ భాషా సంస్కృతుల చదువు ఒక దారి, న్యాయశాస్త్రం ఇంకో దారి. భాషకు పేరున్నవి రెండు ప్రభుత్వ సంస్థలు. పెరూజాలోనూ సియెనాలోనూ ఉన్న 'విదేశీయుల విశ్వవిద్యాలయాలు' అవి. విదేశీయులకు తరగతులు సియెనాలో 1917లో, పెరూజాలో 1921లో మొదలయ్యాయి. అక్షరాల నుంచి నేర్పే స్వల్పకాలిక తరగతులూ, మూడేళ్ల డిగ్రీలూ రెండు చోట్లా ఉన్నాయి. స్వల్పకాలిక తరగతి పూర్తి చేస్తే డిగ్రీ రాదు, భాష మాత్రం వస్తుంది. సియెనా ఇచ్చే చిల్స్, పెరూజా ఇచ్చే చెలి ధ్రువపత్రాలను ఇటలీ అంతటా అంగీకరిస్తారు. ఇటాలియన్‌లో బోధించే డిగ్రీలకు సాధారణంగా యూరప్ భాషా కొలమానంలో బీ2 స్థాయి అడుగుతారు. ఇంటర్ తెలుగు మీడియంలో చదివిన వాళ్లకు ఆ స్థాయికి చేరడం కొన్ని నెలల్లో తేలే పని కాదు.

న్యాయశాస్త్రంలో అసలైన డిగ్రీ 'జురిస్‌ప్రుదెన్‌త్సా'. అయిదేళ్లు, 300 క్రెడిట్లు, బోధన దాదాపు అంతా ఇటాలియన్‌లోనే. ఇంగ్లీషులో కావాలంటే బొలోన్యాలో రెండేళ్ల లీగల్ స్టడీస్, టొరీనోలో అంతర్జాతీయ న్యాయ దృష్టితో సాగే మూడేళ్ల డిగ్రీ ఉన్నాయి. ఈ ఇంగ్లీషు కోర్సులు విధాన సంస్థలకు, కంపెనీల న్యాయ విభాగాలకు, పరిశోధనకు పనికొస్తాయి. ఇటలీలో లాయరు కావాలంటే మాత్రం అయిదేళ్ల డిగ్రీ, ఆపైన పద్దెనిమిది నెలల శిక్షణ, ప్రభుత్వ పరీక్ష తప్పవు. ఏజెంట్లు ఇచ్చే కరపత్రాల్లో ఈ తేడా సాధారణంగా కనిపించదు.

బొలోన్యా విశ్వవిద్యాలయం తన పుట్టుక 1088 అని చెప్పుకుంటుంది. ఇర్నేరియస్ అనే పండితుడు అక్కడ రోమన్ చట్టాల మీద చెప్పిన పాఠాలకు యూరప్ అంతటి నుంచీ విద్యార్థులు వచ్చారు. ఒక దేశస్థుడి అప్పును అదే దేశం నుంచి వచ్చిన విద్యార్థి దగ్గర వసూలు చేయకూడదని 12వ శతాబ్దంలో ఫ్రెడరిక్ చక్రవర్తి శాసనం కూడా ఇచ్చాడు. విదేశీ విద్యార్థి రక్షణ అక్కడ అంత పాత సంగతి. ఆ రోమన్ వారసత్వం ఇప్పటికీ సిలబస్‌లో ఉంది. భారత న్యాయవిద్యలో తీర్పులు చదివి సూత్రం పట్టుకోవడం అలవాటు. ఇటలీలో 1942 నాటి పౌరస్మృతిలోని నిబంధన నుంచి మొదలుపెట్టి కేసుకు వస్తారు. అందుకే లా చదివి వెళ్లినవారికి కూడా మొదటి సెమిస్టర్ కొత్తగానే ఉంటుంది.

పరీక్షలు ఇంకా కొత్త. ఎక్కువ సబ్జెక్టుల్లో మౌఖిక పరీక్షే ఉంటుంది. ప్రొఫెసర్ ఎదుట కూర్చుని, ఇతర విద్యార్థులు వింటూ ఉండగా జవాబు చెప్పాలి. మార్కులు ముప్పైకి, పాస్ పద్దెనిమిది. వచ్చిన మార్కు నచ్చకపోతే విద్యార్థి దాన్ని వద్దనుకుని తర్వాతి తేదీకి మళ్లీ హాజరు కావచ్చు. మన పరీక్షా విధానంలో అరుదైన వెసులుబాటు ఇది. అయితే వద్దనుకుంటూ పోతే క్రెడిట్లు ఆగుతాయి, ప్రాంతీయ ప్రభుత్వాల స్కాలర్‌షిప్‌కు ఆగస్టు 10 లోపు కొన్ని క్రెడిట్లు తెచ్చుకోవాలన్న నిబంధన ఉంది. నివాస అనుమతి పునరుద్ధరణకు కూడా మొదటి ఏడాది కనీసం ఒక పరీక్ష, ఆ తర్వాత ఏటా రెండు పాస్ కావాలి.

ఆ స్కాలర్‌షిప్, ఫీజు తగ్గింపు రెండూ కుటుంబ ఆదాయ లెక్క మీదే నిలుస్తాయి. వ్యవసాయ కుటుంబానికి ఇదే అసలు మెట్టు. తిరువూరు నియోజకవర్గంలోని వినగడప గంపలగూడెం మండలంలో ఉంది గనుక ఆదాయ, కుటుంబ సభ్యుల ధ్రువపత్రాలకు గ్రామ సచివాలయం ద్వారా ఆ తహసీల్దారు కార్యాలయానికే దరఖాస్తు వెళ్తుంది. ఇటలీ అడిగేది క్యాలెండర్ సంవత్సరపు ఆదాయం, మన లెక్కలన్నీ ఏప్రిల్ నుంచి మార్చికి. పత్రంలో ఏ కాలానికి అన్నది స్పష్టంగా రాయించుకోవాలి. ఇంటి విస్తీర్ణం చదరపు మీటర్లలో, బ్యాంకు నిల్వ డిసెంబరు 31 నాటికి కావాలి. గజాల్లో ఉన్న పన్ను రసీదు ఒక్కటే అక్కడ సరిపోదు. వీటికి రాష్ట్ర ధ్రువీకరణ, విదేశాంగ శాఖ అపోస్టిల్, ఇటాలియన్ అనువాదం జతచేయాలి. ఇన్ని చేతులు మారేసరికి నెలలు గడుస్తాయి. కాబట్టి అడ్మిషన్ లేఖ కోసం ఆగకుండా ముందే మొదలుపెట్టడం మేలు. ప్రవేశానికి ముందస్తు నమోదు యూనివర్సిటలీ పోర్టల్‌లో, వీసా కాన్సులేట్ ద్వారా.

పేరు దగ్గర చాలామందికి చిక్కు వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరమే ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, ఇటలీ పన్ను శాఖ ఇచ్చే పదహారు అక్షరాల 'కోదిచే ఫిస్కాలే'లో తేడా వస్తుంది. ఆ సంఖ్య ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, దేశపు కోడ్ నుంచి తయారవుతుంది. భారతదేశానికి కోడ్ జెడ్222. బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె ఒప్పందం, స్కాలర్‌షిప్ అన్నింటికీ అదే ఆధారం. పాస్‌పోర్టులో ఎలా ఉందో అన్ని చోట్లా అలాగే రాయాలి.

దిగిన ఎనిమిది పనిదినాల్లో తపాలా కార్యాలయంలో నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. అక్కడ ఇచ్చే రసీదును పోగొట్టుకోకూడదు. కార్డు వచ్చేదాకా అదే రుజువు. వేలిముద్రలకు పోలీసు కార్యాలయం తేదీ ఇస్తుంది. జాతీయ ఆరోగ్య సేవలో చేరడానికి 2024 నుంచి విద్యార్థికి ఏడాదికి 700 యూరోలు. అది డిసెంబరు 31తో ముగుస్తుంది గనుక శరదృతువులో దిగినవారు జనవరి దాకా వీసా కోసం తీసుకున్న బీమాతోనే నెట్టుకురావడం లాభం. పనికి వారానికి ఇరవై గంటల పరిమితి ఉంది.

తిరిగి వచ్చి విజయవాడ కోర్టులో నల్లకోటు వేసుకోవాలనుకునేవారికి ఇటలీ డిగ్రీ ఒక్కటే చాలదు. భారత బార్ కౌన్సిల్ గుర్తించిన విశ్వవిద్యాలయమై ఉండాలి, ఆపైన కౌన్సిల్ నిర్వహించే అర్హత పరీక్ష కూడా పాస్ కావాలి. ఇక్కడే లాసెట్ రాసి ఎల్‌ఎల్‌బీ ముగించి, పై చదువుకు ఇటలీ వెళ్లేవారికి ఈ బెడద ఉండదు.