పాత పందెపు కారునకు మేలైన బ్రేకు

వేగముగా పరుగెత్తు యంత్రమును గూర్చి చెప్పినచో బాలురు చెవులు నిక్కించి విందురు. ఆ వేగమును అణచు సాధనమును గూర్చి అడుగువారు మాత్రము అరుదు. కాని మన కోటబొమ్మాళి దాపున సాగు 16వ నంబరు జాతీయ రహదారిపై, అంగడికి పోవు ముదుసలి ప్రాణమైనను, బడికి పోవు బాలిక ప్రాణమైనను, వచ్చుచున్న బండి ఎంత వేగముగా పోగలదన్న దానిపై ఆధారపడి యుండదు. ఎంత దూరములో నిలువగలదన్న దానిపై ఆధారపడి యుండును. కావున ఈ పాఠమున మేము పాత పందెపు కారు బ్రేకును ఉదాహరణముగా గైకొని, దానిని బాగుచేయు క్రమమును వివరింపబూనితిమి.

ఈ రహదారియే దక్షిణముగా సాగి చెన్నై చేరును. ఆ నగరమునకు ఉత్తరమున నున్న షోలవరమున, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానములు దిగు బాటపై, కొన్ని దశాబ్దములపాటు మోటారు పందెములు జరిగినవి. ఆ చెన్నపట్టణముననే 1961 నుండి స్టాండర్డ్ హెరాల్డ్ అను కారు తయారైనది. దీనికి మూలమైన ఇంగ్లాండు దేశపు ట్రయంఫ్ హెరాల్డ్ చట్రమును పొట్టిచేసి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను చిన్న పందెపు కారును నిర్మించిరి. అట్టి కారునే మన ఉదాహరణముగా నుంచుకొందము.

1. బ్రేకు చేయు పని

ఎద్దుబండి తోలువాడు పల్లమున పగ్గములు బిగబట్టును. సైకిలు తొక్కువాడు రబ్బరు దిమ్మలను చక్రపు అంచునకు నొక్కును. రెండవదియే మోటారు బ్రేకునకు పోలిక. బ్రేకు వేగమును మ్రింగివేయదు. ఘర్షణచే దానిని వేడిమిగా మార్చును. చలనశక్తి వేగవర్గమును అనుసరించి పెరుగునని మీరు చదివియున్నారు. మనిషితో కూడ 800 కిలోల బరువుగల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నప్పుడు, దానియందు సుమారు 309 కిలోజౌళ్ల శక్తి యుండును. ఇది ఒక లీటరు చన్నీటిని మరుగబెట్టుటకు చాలినంత వేడి. వేగము 50 అయినచో శక్తి సగము గాదు, నాలుగవ వంతే.

నిలుచు దూరమునకును ఇదియే సూత్రము. మంచి పొడి బాటపై సెకనునకు సెకనుకు 7 మీటర్ల చొప్పున వేగము తగ్గుననుకొందము. 50 వేగమున బ్రేకు పట్టినపిమ్మట కారు 14 మీటర్లు పోయి నిలుచును. 100 వేగమున 55 మీటర్లు పోవును. డ్రైవరు అపాయమును చూచి కాలు కదలించుటకు ఒక సెకను పట్టినచో, ఆ లోపల మొదటి కారు మరి 14, రెండవది 28 మీటర్లు సాగును. అనగా మొత్తము 28 మీటర్లకు 83 మీటర్లు.

2. డ్రము, డిస్కు

పాత కార్లలో చక్రముతో తిరుగు డ్రము లోపల రెండు షూలు విచ్చుకొని దాని గోడను ఒరయును. డ్రము మూయబడియుండుటచే వేడి త్వరగా వెలికిపోదు. మాటిమాటికి బ్రేకు వేసినచో లైనింగు పట్టు తగ్గును. డ్రము వేడికి వ్యాకోచించి షూలకు దూరమగును. కాలు నొక్కినను కారు నిలువదు. ఘాటుదారులలో ఇది ప్రాణాంతకము.

డిస్కు బ్రేకున ఇనుప పళ్లెమును రెండువైపుల ప్యాడులు నొక్కును. పళ్లెమునకు గాలి తగులుటచే వేడి త్వరగా తొలగును. 1953లో ఫ్రాన్సు దేశపు లెమాన్ 24 గంటల పందెమున డిస్కు బ్రేకులుగల జాగ్వార్ కారు గెలిచినది. ప్రతి మలుపునను ప్రత్యర్థులకన్న ఆలస్యముగా బ్రేకు వేయగలుగుట దానికి గొప్ప బలమైనది. 1956లో ట్రయంఫ్ టి.ఆర్.3 ముందు చక్రములకు ఇట్టి బ్రేకులు వచ్చినవి. స్పిట్‌ఫైర్‌నకును ముందు డిస్కులు, వెనుక డ్రములు.

ముందు చక్రములకే ఈ గౌరవమేల? బ్రేకు వేయగా బరువు ముందునకు ఒరగును. కారు బరువు మొదట సమముగా పంచబడియున్నదనియు, గరిమనాభి అరమీటరు ఎత్తున నున్నదనియు అనుకొందము. చక్రముల నడిమి దూరము 2.1 మీటర్లు. పైన చెప్పిన చొప్పున వేగము తగ్గునప్పుడు సుమారు 136 కిలోల బరువు ముందునకు మారును. ముందు చక్రములపై 536, వెనుక 264 నిలుచును. కాబట్టి వెనుక బ్రేకును అతిగా బలపరచినచో వెనుక చక్రములు ముందుగా బిగిసి, కారు గిర్రున తిరుగును.

3. బాగుచేయు క్రమము

మొదట, ఉన్నదానిని సరిగా నిలుపవలెను. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 రకపు ఆయిలు క్రొత్తగా నున్నప్పుడు కనీసము 230 సెంటిగ్రేడు డిగ్రీల వరకు మరుగరాదని నియమము. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 155కు దిగును. ఆయిలు మరిగినచో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కబడదు గాని ఆవిరి నొక్కబడును. పెడలు నేలవరకు పోవును. కావున ఆయిలును నియమముగా మార్చి, గొట్టములలోని గాలిని తీసివేయవలెను. పగిలిన రబ్బరు హోసులను మార్చవలెను. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండెడిది; ఆ ధూళి ఊపిరితిత్తులకు విషము గనుక దానిని నోటితోగాని గాలిగొట్టముతోగాని ఊదరాదు.

రెండవది, రక్షణ. పాత కార్లు పెక్కింటిలో నాలుగు చక్రములకు ఒకే ఆయిలు మార్గము. ఒక్క గొట్టము తెగినచో నాలుగును వట్టివగును. చేతి బ్రేకు ఒక్కటే మిగులును. రెండు మార్గములుగల మాస్టరు సిలిండరును అమర్చినచో ఒకటి చెడినను రెండవది పనిచేయును. అమెరికా సంయుక్త రాష్ట్రములు 1968 నుండి క్రొత్త కార్లకు ఇట్టి ఏర్పాటును విధించినవి.

మూడవది, మంచి ప్యాడులు. పందెమునకై చేసిన కొన్ని ప్యాడులు వేడెక్కిన పిదపగాని పట్టవు. ఊరి బాటపై తిరుగు కారునకు అవి తగవు.

నాలుగవది, పెద్ద డిస్కులు, పెద్ద పిస్టనులు. ఇచ్చట పాస్కలు నియమమును స్మరింపుడు. కాలి బలము 20 కిలోలు, పెడలు మీట 5 రెట్లు అనుకొన్నచో మాస్టరు పిస్టనుపై 100 కిలోలు పడును. దాని వైశాల్యము 3 చదరపు సెంటీమీటర్లు, చక్రము కడ పిస్టనుది 18 అయినచో, అచ్చట బలము 600 కిలోలగును. కాని మాస్టరు పిస్టను 6 సెంటీమీటర్లు కదలినగాని రెండవది ఒక సెంటీమీటరు కదలదు. బలమున పొందినది దూరమున చెల్లింపవలెను. పెద్ద పిస్టను పెట్టి మాస్టరు సిలిండరును మార్చనిచో పెడలు లోతునకు పోవుట ఇందువలననే. బూస్టరు కాలి శ్రమను తగ్గించును గాని వేడిని తగ్గింపదు.

4. టైరు మాటయే తుదిమాట

బ్రేకు చక్రమును నిలుపును. కారును నిలుపునది టైరునకు బాటకు గల పట్టు. చక్రములను బిగింపజాలిన బ్రేకును ఇంక పెద్దది చేసినను ఒక్కసారి నిలుచు దూరము తగ్గదు. పెద్ద డిస్కు వలని లాభము, పదేపదే వేసినను వేడికి లొంగకుండుట. అరిగిన, ఎండిన టైరులుండగా డిస్కులపై ధనము పోయుట వ్యర్థము.

శాస్త్రము ఇచ్చటనే ఆగలేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగరు తీరమున ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెము జరిగినది. ఆ కార్లలో బ్రేకు వేయునప్పుడు మోటారే డైనమోగా మారి, చలనశక్తిలో కొంత భాగమును బ్యాటరీకి మరల చేర్చును.

అభ్యాసము

(1) వేగము 20 నుండి 60కి పెరిగినచో నిలుచు దూరము, డ్రైవరు ఆలస్యమును విడిచి, ఎన్ని రెట్లగును?
(2) పై లెక్కలో మాస్టరు పిస్టను వైశాల్యము 2 చదరపు సెంటీమీటర్లయినచో చక్రము కడ బలమెంత? పెడలు నడక ఏమగును?
(3) మీ సైకిలు ముందు బ్రేకును మాత్రమే గట్టిగా పట్టినచో వెనుక చక్రము ఏల పైకి లేచును?

బాలురారా, బాలికలారా! కారు లేనివారికిని ఈ పాఠము పనికివచ్చును. నేడే మీ సైకిలు బ్రేకు దిమ్మలను, తీగెలను పరీక్షించుకొనుడు. బాట దాటునప్పుడు, వచ్చు బండి తలచినంత త్వరగా నిలువజాలదని తెలిసికొని, దూరము చూచి అడుగు వేయుడు.