వార్డు సభ్యత్వమునకు నిలుచువారు ఎరుగవలసినవి

నాగల్‌గిద్ద 2016 అక్టోబరు 11న మండల కేంద్రమైనది. అంతకు పూర్వము అది మనూరు మండలములోని గ్రామము. పట్టణములలో కాలనీవాసులు సంఘమేర్పరచుకొని అధ్యక్షుని ఎన్నుకొందురు. కర్ణాటక సరిహద్దునకు చేరువనున్న ఈ సీమలో ఆ పని గ్రామపంచాయతీదే. అందు వీధికి మిక్కిలి దగ్గరి పదవి వార్డు సభ్యత్వము. అయినను పోటీకి ఉత్సహించువారి చూపు సర్పంచి పీఠము మీదనే నిలుచుచున్నది.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము సర్పంచిని ఊరంతయు ఎన్నుకొనును. సభ్యుని అతని వార్డు మాత్రమే ఎన్నుకొనును. సభ్యులు తమలో నొకరిని ఉపసర్పంచిగా ఎన్నుకొందురు. చెక్కుపై సర్పంచితోబాటు ఉపసర్పంచి సంతకమును ఆ చట్టమే విధించినది. పారిశుద్ధ్యము, వీధిదీపములు, మొక్కల పెంపకము, పనులు–సంతలు అను నాలుగింటికి స్థాయీ సంఘములు కలవు. మురుగు కాలువ పూడికను గూర్చి, ఆరిన దీపమును గూర్చి అడుగు అధికారము సభ్యునికి ఈ విధముగా కలిగినది. దానిని చిన్నదని తలచువారు ఆ వీధిలో ఒక్క వర్షాకాలము గడపవలెను!

2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గముల గడువు 2024 ఫిబ్రవరిలో ముగిసినది. మరల ఎన్నికలు జరిగినది 2025 డిసెంబరులో. నడుమ దాదాపు రెండేండ్లు ప్రత్యేకాధికారులు పాలించిరి. తలుపు తట్టి అడుగుటకు తాము ఎన్నుకొన్న మనిషి లేకపోవుట ఎట్లుండునో పల్లెలు అప్పుడు చూచినవి.

కల్యాణమున బిజ్జలుని కొలువులో బసవేశ్వరుడు భాండాగారమును నిర్వహించినవాడు. రాజ్యమున అంతటి అధికారము గలిగియు, అనుభవ మంటపమున శూన్యపీఠముపై మద్దెల వాయించు వృత్తి నుండి వచ్చిన అల్లమప్రభువును కూర్చుండబెట్టినాడని పరంపర చెప్పుచున్నది. దీనినిబట్టి పదవిని కోరరాదని కొందరు అర్థము చెప్పుదురు. అది సరికాదు. నేటి పద్ధతిలో నామపత్రము వేయనిదే ఎవ్వరికిని పీఠము లేదు. అడుగుట తప్పు కాదు. ఏ యోగ్యతతో అడుగుచున్నాడన్నదే ప్రశ్న. వార్డులో ఎన్ని గడపలున్నవి, ఏ ఇంటికి కొళాయి నీరు అందుట లేదు, ఏ వృద్ధురాలికి పింఛను ఆగినది అనునవి తెలిసినవాడు అడుగవచ్చును. తెలియనివాడు ఓటరు జాబితా చేతబట్టి ముందుగా ఇల్లిల్లు తిరుగవలెను. ఓటు అడుగుట తరువాతి మాట.

ఇక్కడ మఠములును, కులపెద్దలును జాగ్రత్త వహింపవలసిన విషయమొకటి కలదు. కొన్ని పల్లెలలో ఏకగ్రీవమను పేర పదవిని వేలము వేయుచున్నారు. గుడికి ఇంత, మఠమునకు ఇంత అని ఎక్కువ పాడినవానికి పీఠము. తక్కినవారు నామపత్రములు ఉపసంహరించుకొందురు. రాష్ట్ర ఎన్నికల సంఘము దీనిని నిషిద్ధమని హెచ్చరించుచునే యున్నది. అందరు నిజముగా సమ్మతించిన ఏకగ్రీవమును ఎవ్వరును కాదనరు. వేలములో మాత్రము కూలినాలి చేసి బ్రదుకువాడు మొదటి పాటకే వెనుదిరుగును. కాయకముతో వచ్చినదే దాసోహమునకు తగునని బోధించు సంప్రదాయము, పదవి అమ్మకపు సొమ్మును గోపురమునకు పూయుటకు ఎట్లు చేయి చాచును? కొన్నవాడు పెట్టినదానిని రాబట్టుకొనక మానడు. ఆ రాబడి ఆ వీధి కాలువ నుండియే రావలెను.

స్త్రీలకు సగము స్థానములు ప్రత్యేకింపబడినవి. నామపత్రముపై భార్య పేరు, సమావేశమున భర్త కూర్చుండుట అను ఆచారము మనలోను లేకపోలేదు. అక్కమహాదేవి మంటపములో తన మాటను తానే పలికినది. సభ్యురాలిగా నిలుచు ఆడుబిడ్డకు చట్టమును చదివి వినిపించుట ఇంటివారి పని. ఆమెకు బదులు మాటాడుట కాదు.

పోటీ జరిగినచో దాయాదులు పగవారగుదురను భయమును పెద్దలు వెలిబుచ్చుదురు. ఆ భయము నిజమైనదే. దానికి మూలము పోటీకన్న అందు పారు సారా, పంచు నోట్లు. అయిదువేల లోపు జనాభా గల గ్రామమున వ్యయ పరిమితి సర్పంచి అభ్యర్థికి 1,50,000 రూపాయలు, వార్డు అభ్యర్థికి 30,000 రూపాయలు. ఒక వీధి తిరుగుటకు అందులో పదవ వంతైనను అక్కరలేదు.

గెలిచినవారును, ఓడినవారును ఖర్చు లెక్కను ఫలితము వెలువడిన 45 దినములలో మండల పరిషత్తు అభివృద్ధి అధికారికి సమర్పింపవలెను. ఓడినవారు దీనిని తరచుగా మరతురు. సమర్పింపనిచో 3 సంవత్సరములు మరల నిలుచు అర్హత పోవును.