వేలంలో కారు: ఫొటో కాదు, సీటు బెల్టు చూడండి

ప్రశ్న: బ్యాంకు జప్తు చేసిన కారు ఆన్‌లైన్ వేలంలో చవగ్గా వస్తోంది. ధైర్యంగా పాడుకోవచ్చా?

జవాబు: పాడుకోవచ్చు, కానీ బండిని కళ్లారా చూశాకే. అమ్మేది బ్యాంకే కదా, భయమెందుకు అనుకుంటారు. బ్యాంకుకు కావలసింది తన బాకీ. బండి కండిషన్‌కు అది పూచీపడదు. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే షరతు పెట్టేది అందుకే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. మునిగిన కారును కడిగి పాలిష్ పెడితే ఫొటోలో తళతళలాడుతుంది. యార్డుకు వెళ్లి సీటు బెల్టు చివరిదాకా లాగండి. లోపలి భాగంలో బురద చార కనిపిస్తే ఇక బేరమే వద్దు. స్టెప్నీ గుంటలో, కార్పెట్ అడుగున వేలు పెట్టి ఒండ్రు తగులుతుందేమో చూడండి. మెకానిక్‌ను వెంట తీసుకెళ్లడం దండగ ఖర్చనిపించవచ్చు గానీ, నీళ్లలో నానిన వైరింగు ఒక్కటి చాలు, వేలంలో మిగిలిందంతా ఊడ్చేయడానికి.

బండి బాగుంటే సరిపోదు. జప్తు బండికి పాత యజమాని వచ్చి సంతకం పెట్టడు కాబట్టి, ఫారం 36 ద్వారా బ్యాంకు ఆర్‌సీని తన పేరిట మార్పించుకుందో లేదో పాటకు ముందే అడగండి. చలాన్లు, పన్ను బకాయి పరివాహన్ పోర్టల్‌లో చూడండి. ధరావత్తు మాత్రం బ్యాంకు నోటీసులో ఇచ్చిన ఖాతాకే కట్టండి. ఏజెంటు సొంత యూపీఐకి పంపమంటే ఆ పాట వదిలేయండి.