గురకలో ఊపిరి ఆగుతోందా?

ప్రశ్న: నాన్న సింగరేణి భూగర్భ గనిలో పనిచేసి రిటైరయ్యారు. సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉంది. గురక మధ్యలో ఊపిరి ఆగుతోంది, పొద్దున తలనొప్పి. ఇంట్లో ఆక్సిజన్ పెట్టొచ్చా? - ఓ పాఠకురాలు, గోదావరిఖని

జవాబు: సొంతంగా పెట్టకండమ్మా. ఇది స్లీప్ అప్నియా కావచ్చు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోయి ఆక్సిజన్ తగ్గుతుంది. దుమ్ముకు, పొగకు దెబ్బతిన్న ఊపిరితిత్తులు ఆ లోటును పూడ్చలేవు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని తలనొప్పి వస్తుంది. కొలత లేని ఆక్సిజన్‌తో ఆ కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరగొచ్చు.

గురకను ఫోన్‌లో వీడియో తీసి సింగరేణి ఏరియా ఆసుపత్రిలో చూపించండి. స్లీప్ స్టడీ (నిద్రలో చేసే పరీక్ష) గురించి అడగండి. అవసరమైతే గాలిదారిని తెరిచి ఉంచే సీప్యాప్ లేదా బైప్యాప్ మాస్కు రాస్తారు; రోజూ రాత్రి పెట్టుకోవాలి. ఇన్‌హేలర్లు ఆపొద్దు. బీడీ, మద్యం మానాలి. సొంతంగా నిద్రమాత్రలు వేసుకోవద్దు. పక్కకు తిరిగి పడుకోమనండి.

పెదాలు నీలంగా మారినా, మత్తుగా, తికమకగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.