గుండె వార్డులో షుగర్ కాపలా

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

గుండె వార్డులో డ్యూటీ మొదలైందనీ, మొదటి వారంలోనే షుగర్ అంకెలు చూసి బెదిరిపోయావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ బెదురు మంచిదేనమ్మా. అది పోవాలని కాదు, దానికి కాస్త లెక్క తోడవ్వాలని ఈ ఉత్తరం.

ఏ సీసీయూలోనైనా రాత్రిపూట కనిపించే దృశ్యమే ఇది. యాభై దాటిన మనిషి ఒళ్లంతా చెమటలతో వస్తాడు. ఈసీజీలో గుండెపోటు స్పష్టంగా ఉంటుంది. సిస్టర్ వేలు గుచ్చి స్ట్రిప్ పెడితే 286. "మా ఆయనకి షుగర్ లేదండీ" అంటుంది భార్య. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఏళ్లుగా ఉన్న షుగర్‌ని ఎవరూ పరీక్షించి ఉండకపోవచ్చు. లేదా నిజంగానే లేకపోవచ్చు. గుండెకు దెబ్బ తగలగానే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్ ఒక్కసారిగా పెరుగుతాయి. కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదిలేస్తుంది. కణాలు ఇన్సులిన్ మాట వినవు. రెండింటిలో ఏదో ఆ రాత్రి తేలదు, తేలాల్సిన అవసరమూ లేదు. మూసుకున్న రక్తనాళం తెరవడమే అప్పటికి మొదటి పని. హెచ్‌బీఏ1సీకి రక్తం పంపిస్తే గడిచిన రెండు మూడు నెలల కథ తర్వాత తెలుస్తుంది. రక్తహీనత ఉన్నవాళ్లలో ఆ అంకె మాత్రం తప్పుదారి పట్టించగలదు.

షుగర్ లేదనుకున్న గుండెపోటు రోగులకు స్వీడన్‌లో గ్లూకోజు తాగించి పరీక్ష చేశారు. 2002లో ఆ ఫలితాలు వచ్చాయి. ముగ్గురిలో ఇద్దరికి షుగరో, దాని ముందు దశో బయటపడింది. మన దేశం సంగతి చూస్తే, 89 ఆసుపత్రుల్లో 20,468 మంది గుండె రోగుల వివరాలు సేకరించిన 'క్రియేట్' రిజిస్ట్రీ 2008లో అచ్చయింది. అందులో 30 శాతం మందికి అప్పటికే షుగర్ ఉన్నట్టు తెలుసు. సగటు వయసు 57 దాటి ఉంటుంది, అంతే. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి సగం మందికి ఆరు గంటలో, అంతకన్నా ఎక్కువో పట్టింది. షుగర్ ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి ఛాతీ నొప్పే తెలియకపోవచ్చు. ఆయాసం, చెమట, నీరసం మాత్రమే కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుంటారు.

సరే, ఆ 286ని ఎంతకు దించాలి? ఇక్కడే వైద్యలోకం ఏళ్ల తరబడి అటూ ఇటూ ఊగింది. ఆ కథ నీకు బాగా తెలిసి ఉండాలి.

1995లో స్వీడన్ నుంచి 'డిగామి' అనే అధ్యయనం వచ్చింది. క్లాస్ మాల్మ్‌బర్గ్ బృందం షుగర్ ఉన్న 620 మంది గుండెపోటు రోగులను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు రోజంతా ఇన్సులిన్, గ్లూకోజు డ్రిప్ పెట్టి, తర్వాత మూడు నెలలకు తక్కువ కాకుండా ఇన్సులిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి మామూలు వైద్యం పొందిన జట్టులో 26.1 శాతం, ఇన్సులిన్ జట్టులో 18.6 శాతం చనిపోయారు. ఎంత తేడా! 2001లో బెల్జియంలోని లూవెన్‌లో 1,548 మంది సర్జికల్ ఐసీయూ రోగుల మీద చేసిన అధ్యయనంలో షుగర్‌ని 80–110 మధ్య బిగించి పట్టుకుంటే ఐసీయూ మరణాలు 8 శాతం నుంచి 4.6కి తగ్గాయి. వాళ్లలో ఎక్కువమంది గుండె ఆపరేషన్ అయినవాళ్లే. ఇంకేముంది, ఎన్నో దేశాల్లో వార్డులు షుగర్ వెంట పరుగు అందుకున్నాయి.

మాల్మ్‌బర్గ్ బృందమే 1,253 మందితో మళ్లీ పరీక్షించి 2005లో ఫలితం చెప్పింది. ఈసారి తేడా కనిపించలేదు. జట్ల మధ్య షుగర్ అంకెల్లోనే పెద్ద తేడా రాలేదు మరి. అదే ఏడాది మన దేశపు రోగులు కూడా పాల్గొన్న 20,201 మంది అధ్యయనంలో గ్లూకోజు, ఇన్సులిన్, పొటాషియం కలిపి ఎక్కించినా మరణాలు తగ్గలేదు. ఆ తర్వాత 2009లో 'నైస్ షుగర్' అధ్యయనం వచ్చింది. గుండె వార్డులే కాదు, అన్ని రకాల ఐసీయూల నుంచి 6,104 మంది. షుగర్‌ని 81–108కి బిగించిన జట్టులో తొంభై రోజుల్లో 27.5 శాతం చనిపోతే, 180 లోపు ఉంటే చాలన్న జట్టులో 24.9 శాతం. ప్రమాదకరంగా షుగర్ పడిపోవడం మొదటి జట్టులో 6.8 శాతం, రెండో దానిలో 0.5.

అందుకే ఇవాళ ఎక్కువమంది పాటించే లెక్క 140 నుంచి 180. షుగర్ 180 దాటి అక్కడే నిలబడితే ఇన్సులిన్ మొదలుపెట్టడం, 70 కిందికి పోకుండా కాపాడుకోవడం. గుండె వార్డులో 170 చూసి ఇంకా తగ్గించాలని చేతులు దురదపెడతాయి. దాన్ని అలాగే ఉండనివ్వడం నేర్చుకోవాలి. షుగర్ పడిపోతే ఒళ్లు మళ్లీ అడ్రినలిన్ పోస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, లయ తప్పవచ్చు. అప్పటికే దెబ్బతిన్న కండరానికి అది రెండో దెబ్బ. బీటా బ్లాకర్ వేసుకున్న రోగిలో వణుకు, గుండెదడ బయటికి కనిపించకపోవచ్చు. చెమట మాత్రం దాగదు.

మీ మామయ్య డ్యూటీలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక రోగికి యాంజియో కోసం పొద్దున్న టిఫిన్ ఆపారు. ఇన్సులిన్ ఆపమని ఎవరూ రాయలేదు. పదింటికి మనిషి మాట తడబడింది, దుప్పటి తడిసిపోయింది. స్ట్రిప్ పెడితే 41. 25 శాతం డెక్స్‌ట్రోజ్ నూరు మిల్లీలీటర్లు వెళ్లాక కళ్లు తెరిచి కాఫీ అడిగాడు. ఆ రోజు నుంచీ మామయ్య కేస్ షీటులో ఇన్సులిన్ ఆర్డర్ కంటే ముందు "తిన్నాడా?" అన్న ప్రశ్న రాసుకునేవాడు.

ఇన్సులిన్ సీసా విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలమ్మా. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. నూరు యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో తీస్తే రోగికి వెళ్లేది రెండున్నర రెట్లు. రాత్రి మూడింటికి కళ్లు మూతలు పడుతుంటే ఈ తప్పు జరగడానికి అర నిమిషం చాలు. లేబుల్‌ని నువ్వూ సిస్టరూ ఇద్దరూ పైకి చదవండి. డ్రిప్ కోసం 50 యూనిట్లు 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపితే మిల్లీలీటరుకు ఒక యూనిట్, లెక్క తేలిక. ఇన్సులిన్ ప్లాస్టిక్ గొట్టానికి అంటుకుంటుంది కాబట్టి మొదటి 20 మిల్లీలీటర్లు గొట్టంలోంచి వదిలేయాలి. పొటాషియం చూడకుండా డ్రిప్ మొదలుపెట్టవద్దు. ఇన్సులిన్ దాన్ని కణాల్లోకి తోసేస్తుంది, పొటాషియం తగ్గిన గుండె లయ తప్పుతుంది. డ్రిప్ ఆపేటప్పుడు చర్మం కింద వేసే దీర్ఘకాలపు ఇన్సులిన్ రెండు గంటల ముందే పడాలి. నరంలోకి వెళ్లే ఇన్సులిన్ ప్రభావం నిమిషాల్లో పోతుంది.

బీపీ పడిపోయి చేతులు చల్లబడిన రోగి వేలి చుక్కను నమ్మకు. నరంలోంచి తీసిన రక్తం ల్యాబుకు వెళ్లాలి.

మాత్రల సంగతి క్లుప్తంగా. షాక్‌లోనో, కిడ్నీలు తడబడుతున్నప్పుడో మెట్‌ఫార్మిన్ ఆపాలి. గ్లిమిపిరైడ్ కిడ్నీ రోగిలో రోజంతా షుగర్‌ని కిందికి లాగుతూనే ఉండగలదు. పయోగ్లిటజోన్ ఒంట్లో నీరు చేరుస్తుంది, గుండె బలహీనపడిన వాడికి అది వద్దు. ఎంపాగ్లిఫ్లోజిన్ గుండె జబ్బు ఉన్న షుగర్ రోగుల్లో గుండె మరణాలను 38 శాతం తగ్గించిందని 2015లో తేలింది. మంచి మందే. అయితే తిండి ఆగిపోయిన రోగికి ఇస్తే షుగర్ అంకె మామూలుగా కనబడుతుండగానే కీటోన్లు పేరుకుపోవచ్చు. మనిషి కుదుటపడి, అన్నం తింటున్నాక మొదలుపెట్టాలి.

ఇంటికి వెళ్లే రోజున చాలా డిశ్చార్జి కాగితాల్లో స్టెంట్ కొలత ఉంటుంది, షుగర్ ఊసు ఉండదు. రోగి భార్యను కూర్చోబెట్టి, ఆమెకు తెలుగులో చెప్పు. ఆయన హెచ్‌బీఏ1సీ ఎంత, షుగర్ పడిపోతే ఏ లక్షణాలు వస్తాయి, అప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఎలా ఇవ్వాలి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఎలా ఫోన్ చేయాలి. అదంతా కాగితం మీద నీ చేత్తోనే రాసి ఇవ్వు తల్లీ.

ఆశీస్సులతో,
మీ మామయ్య