పండక్కి పరీక్ష వద్దు, ఆట పెడదాం



నిరుడు సంక్రాంతి సెలవులయ్యాక మూడో తరగతి పిల్లలను ‘మా ఊరు’ మీద ఐదు వాక్యాలు రాయమన్నాను. ఒక పాప రెండే రాసింది: "మా ఊరు బాగుంటుంది. కానీ అక్కడ అందరూ నన్ను టేబుల్స్ అడుగుతారు."

ఆ టేబుల్స్ నేర్పింది నేనే. క్లాసులో గడగడా చెప్పే పాప, పదిమంది మధ్య నిలబెట్టి అడిగేసరికి తడబడిందట. మిగతా పిల్లలు నవ్వారట.

మనం ముచ్చటపడే అడుగుతాం. పిల్లలకు మాత్రం అది పరీక్షే. అదే చదువు ఆటలో వస్తే "ఇంకోసారి" అని వాళ్లే అడుగుతారు. ఈ పండక్కి మూడు ఆటలు చెబుతాను. ఖర్చు లేదు, ఫోన్ అక్కర్లేదు.

1. అష్టా చమ్మా

ఆడే తీరు ఇంట్లో పెద్దలకు తెలిసిందే. నేల మీద సుద్దముక్కతో అడ్డం 5, నిలువు 5 గళ్లు గీయండి. నాలుగు గవ్వలు చాలు. అవి లేకపోతే చింతపిక్కలను ఒకవైపు తెల్లగా అరగదీయండి. వెల్లకిలా పడినవే లెక్క. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. ఆట మధ్యలో ఒకటే ప్రశ్న వేయండి: "ఒక్క పందెంలో 5 ఎందుకు పడదు?" జవాబు మీరు చెప్పకండి. గవ్వలు తిప్పి చూసుకుని వాళ్లే కనిపెడతారు. ఏ కాయ జరపాలో కూడా వాళ్లనే తేల్చుకోనివ్వండి.

2. ఊరి పేర్ల గొలుసు

ఒకరు నెల్లూరు అంటే, తర్వాతివారు ‘ర’తో రాయచోటి, ఆపైన ‘ట’తో టెక్కలి, ‘ల’తో ఇంకొకటి. గుణింతం పట్టింపు లేదు. సున్నాతో ముగిస్తే ‘మ’ తీసుకోండి. తాతయ్యలు ఎప్పుడూ వినని ఊర్లు చెబుతారు. అది ఏ జిల్లా, అక్కడ ఏం పండుతుందని పిల్లలను అడగమనండి.

3. వాసన చూసి చెప్పు

కళ్లకు గంతలు కట్టి వాము, జీలకర్ర, ఇంగువ, మెంతులు ఒక్కొక్కటే వాసన చూపించండి. కారం, మిరియాల పొడి మాత్రం వద్దు. ఒక పెద్ద, ఒక పిల్ల కలిసి ఒక జట్టు. తెలుగు పేరుకు ఒక మార్కు, ఇంగ్లిష్ పేరుకు ఒకటి. అమ్మమ్మకు ఒకటి తెలుసు, మనవరాలికి ఇంకొకటి తెలుసు. ఇద్దరూ కలిస్తేనే గెలుపు.

ఒక్క మనవి. ఓడిన బిడ్డను గెలిచిన బిడ్డతో పోల్చకండి. స్కోరు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

సెలవులయ్యాక పిల్లలను మళ్లీ ‘మా ఊరు’ గురించే రాయమంటాను. ఈసారి ఐదు వాక్యాలూ నిండుతాయని నా ఆశ.

సంక్రాంతి శుభాకాంక్షలతో,
మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్